డిష్షు బిగించే ముందు మేడ మీద ఓ గంట ఉండు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. డిష్షుల పని సొంతంగా మొదలుపెట్టావని, వచ్చే ఆదివారం సోంపేట దగ్గర ఒక ఇంటికి డీడీ ఫ్రీ డిష్, అదే నెలనెలా డబ్బు కట్టక్కర్లేని దూరదర్శన్ డిష్షు, బిగించడానికి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఆ వెనకే భయమూ వేసింది. ఫోన్లో చెబితే సగం చెవిన పడదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

నేను ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో డిష్షంటే పది పన్నెండు అడుగులది. కేబుల్ ఆపరేటర్ల మేడ మీద పెట్టేవాళ్ళం. నలుగురు పట్టుకుంటే గానీ లేచేది కాదు కాబట్టి ఎవరూ తొందరపడేవారు కాదు. మేస్త్రి వచ్చేవాడు, దిమ్మ పోసేవాడు, అది ఆరేదాకా ఆగేవాళ్ళం. ఇప్పుడు రెండడుగుల డిష్షు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నిచ్చెన ఎక్కేస్తున్నారు. గంటలో మూడిళ్ళు తిరుగుతున్నారు. సామాను తేలికైంది కదా అని పనిని కూడా తేలిగ్గా తీసుకుంటున్నారు. నువ్వలా చేయకు.

ముందు కరెంటు తీగల సంగతి. నా కుడిచేతి రెండు వేళ్ళు ఎందుకు మడత పడవో చిన్నప్పుడు నువ్వు చాలాసార్లు అడిగావు, కాలిందని మాత్రమే చెప్పాను. అసలు జరిగింది ఇది. పదడుగుల ఇనప గొట్టం మేడ మీదికి అందిస్తున్నాం. కింద నేను, పైన నాతో పనిచేసే కుర్రాడు. ఇంటి వెనక 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల లైను పోతోంది. అది ఉందని ఇద్దరికీ తెలుసు. గొట్టం పైకి వెళ్ళాక బరువు తూలి అటు వాలింది. పడిపోతోందని ఇద్దరం గట్టిగా పట్టుకున్నాం. పట్టుకోవడమే మేం చేసిన తప్పు. నాకు వేళ్ళు కాలడంతో పోయింది. వాడు మేడ మీంచి పడ్డాడు, మూడు నెలలు మంచంలో ఉన్నాడు, మళ్ళీ ఈ పనికి రాలేదు. వాడి తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

కాబట్టి ఇల్లు చేరగానే సామాను దించకు. ఇంటి చుట్టూ ఒకసారి తిరుగు, తల పైకెత్తి. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు ఎక్కడుంది, వీధి లైను ఎంత దూరం, వెనక 11 కేవీ ఏమైనా పోతోందా చూడు. నేను పెట్టుకున్న లెక్క ఒకటే. గొట్టం, నిచ్చెన, డిష్షు, వీటిలో ఏది పొడవో దానికి రెండింతల దూరంలో తీగ ఉండాలి. అంత దూరం లేకపోతే వేరే మూల చూడు. ఏ మూలా కుదరకపోతే ఆ ఇంట్లో పని వద్దని చెప్పేయి. 11 కేవీ తీగను తాకనే అక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్తే చాలు, గాల్లోంచే దూకుతుంది. చేతిలోంచి గొట్టం జారితే వదిలెయ్, పోతే పోనీ. తీగ తెగి పడి ఉన్నా, మనిషి తగులుకున్నా దగ్గరికి పోకుండా కరెంటోళ్ళ నంబరు 1912కి ఫోన్ చేసి లైను ఆపించు. మన డిష్షు కేబులు సర్వీసు వైరుకు చుట్టడం, కరెంటు స్తంభానికి కట్టడం అసలు చేయకు. ఊళ్ళో అందరూ చేస్తున్నారని ఇంటాయన అంటాడు. అననీ.

తీగలు చూశాక ఆకాశం చూడు. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి, అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన శ్రీకాకుళం వైపు నుంచి చూస్తే దిక్సూచిలో సుమారు 152 డిగ్రీలు, అంటే దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్య. ఎత్తు 66 డిగ్రీలు. చాలా పైకి చూస్తున్నట్టు లెక్క. అది మనకు కలిసొచ్చే సంగతి. చెట్టు డిష్షు కన్నా 20 అడుగులు ఎక్కువ ఎత్తున్నా, ఆ దిక్కులో 9 అడుగులు దాటి ఉంటే అడ్డం రాదు. కాకపోతే సోంపేట వైపు ఉద్దానంలో ఉన్నది కొబ్బరి. దాని మట్టలే పదిహేనడుగులు ఉంటాయి, గాలికి ఊగుతాయి. అందుకని కొలత కాండం నుంచి కాదు, మట్ట చివర నుంచి తీసుకో. రెండేళ్ళలో ఎదిగే మొక్క ఏదైనా ఉందేమో ఇంటావిడని అడుగు. దిక్సూచిని ఇనప గొట్టాల పక్కన, వాటర్ ట్యాంకు స్టాండు పక్కన పెట్టి చూడకు, ముల్లు తప్పుతుంది.

ఎక్కే చోటు గురించి ఇంటాయన మాట నమ్మకు, నువ్వే చూడు. సిమెంటు రేకుల ఇల్లయితే రేకు మధ్యలో అడుగు పెట్టావంటే కిందికి దిగిపోతావు. పాత రేకు పైకి గట్టిగానే కనబడుతుంది, బరువు పడ్డాకే విరుగుతుంది. బోల్టులు వరసగా ఉన్నచోట కింద దూలం ఉంటుంది. ఆ వరస మీద పలక వేసుకుని దాని మీదే నడువు. అసలు రేకుల ఇంటికి గోడ పక్కన నేలలో గొట్టం పాతడమే మేలు. వానాకాలం మేడ మీద పాచి ఉంటుంది, హవాయి చెప్పులతో ఎక్కకు. నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున మొదలు దూరంగా వేసి, కింద ఒక మనిషిని పట్టుకోమను. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పని పెట్టుకోకు. ఇనుము చేతిని కాలుస్తుంది, కళ్ళు తిరుగుతాయి. గాలి వేస్తున్న రోజు డిష్షును గొట్టానికి ఎక్కించకు. అది తెరచాపలా నిన్ను లాగేస్తుంది.

ఇక బిగింపు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నువ్వు చిన్నవాడివి. తెల్లారాక నేను పెట్టిన డిష్షులన్నీ చూసుకుంటూ ఊళ్ళు తిరిగాను. పిట్టగోడకు బిగించినవి మూడు, గోడ ఇటుకలతో సహా పోయాయి. ఒకటి పక్కింటి పశువుల పాక మీద పడింది. పశువులు లేని సమయం కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి నాలుగంగుళాల పిట్టగోడకు నేను బోల్టు వేయలేదు. లెక్క చెబుతాను చూడు. గంటకు 180 కిలోమీటర్ల గాలి రెండడుగుల డిష్షును దాదాపు 50 కిలోల బరువుతో నెడుతుంది. మూడడుగుల డిష్షయితే దానికి రెండింతల పైనే. గాలి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. నాలుగు ఇసుక బస్తాలు పెట్టి వచ్చేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది.

మేడ మీదయితే రెండడుగుల చదరం, ఎనిమిదంగుళాల మందం కాంక్రీటు దిమ్మ పోయించు. అది 180 కిలోలు తూగుతుంది. స్లాబు మధ్యలో కాదు, కింద గోడో దూలమో ఉన్నచోట పోయించు. బోల్టులు తడి కాంక్రీటులోనే నిలబెట్టు. వారం రోజులు నీళ్ళు కొట్టమను. ఇంటాయన రేపే క్రికెట్టు చూడాలంటాడు. వారం తర్వాతే వస్తానని ముందే చెప్పి డబ్బులు మాట్లాడుకో. స్లాబులో డ్రిల్లు పెట్టకు, నీళ్ళు దిగితే ఆ మచ్చ నీ పేరున ఉండిపోతుంది. గొట్టం పొట్టిగా ఉండనీ, మేస్త్రి దగ్గర తూకం గుండు తీసుకుని రెండు వైపుల నుంచీ నిలువు చూడు. గొట్టం ఒరిగితే డిష్షును ఎటు తిప్పినా ఎత్తు మారిపోతుంటుంది, సాయంత్రం దాకా సిగ్నలు వెతుక్కుంటావు.

సిగ్నలు పట్టడం నీకు వచ్చు, ఎక్కువ చెప్పను. బ్రాకెట్టు మీదున్న గీతల ప్రకారం ఎత్తు పెట్టి, కొంచెం కొంచెంగా తిప్పు. ప్రతిసారీ నాలుగు సెకన్లు ఆగు. బొమ్మ రాగానే దిగిపోకు. టీవీలో చూపించే సిగ్నలు క్వాలిటీ అన్నిటికంటే ఎక్కువ ఎక్కడొస్తుందో అక్కడ ఆపి, బోల్టులు ఒకటి విడిచి ఒకటి బిగించు. ఎండలో బొటాబొటిగా సరిపోయిన సిగ్నలు శ్రావణం వానకు పోతుంది.

కేబులు తగిలించేటప్పుడు కింద సెట్‌టాప్ బాక్సు, టీవీ ప్లగ్గులు రెండూ పీకించు. ఆపితే చాలదు, పీకాలి. ఎర్తింగు లేని ఇళ్ళల్లో బాక్సు నుంచి కేబులు పై తొడుగులోకి కొంచెం కరెంటు లీకవుతుంది. చేతికి జివ్వుమంటుంది. నేల మీద అది ఏమీ కాదు, మేడ అంచున ఉలిక్కిపడితే ప్రాణం మీదికొస్తుంది. టెస్టరు పెట్టి చూశాకే ముట్టుకో. ఇంట్లోకి దూరే ముందు కేబులును ఒక వంపు కిందికి వేలాడదీసి పైకి తీసుకెళ్ళు, వాననీళ్ళు ఆ వంపు దగ్గర కారిపోతాయి.

గొట్టానికీ కేబులు తొడుగుకీ మందపాటి రాగి తీగతో ఇంటి ఎర్తింగు గుంట దాకా ఎర్తు ఇవ్వు. నేరుగా పిడుగు పడితే అది కాపాడదని ఇంటివాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పు. మబ్బు పడుతుండగానే ప్లగ్గు, కేబులు పీకేయాలి, ఉరుములు మొదలయ్యాక ముట్టుకోకూడదని పిల్లలకి కూడా చూపించు. నువ్వయితే పనికి బయల్దేరే ముందే ఫోన్లో దామిని యాప్ చూడు, పిడుగులు ఎటు పడుతున్నాయో తెలుస్తుంది. ఉరుము వినబడితే స్పానరు అక్కడే వదిలి దిగిపో.

ఆదివారం పని అన్నావు. దిమ్మ పోయనిదే ఆదివారం కుదరదు, ఆ మాట ఈరోజే వాళ్ళకి చెప్పు. శనివారం ఉదయం ఒకసారి వెళ్ళి ఆ ఇంటి నాలుగు వైపులా తీగలు కనబడేలా ఫొటోలు తీసి నాకు పంపు. మేడ మీద నిలబడి 152 డిగ్రీల వైపు ఒక ఫొటో తియ్యి. అవి చూసి నేను ఫోన్ చేసేదాకా గొట్టం కొనకు. దిమ్మ ఆరాక బిగించే రోజున పొద్దున్న మొదటి బస్సుకి నేను కూడా వస్తాను. నిచ్చెన నేను పట్టుకుంటాను.

మీ మావయ్య