పరిచర్యకు విదేశం వెళ్లే అమ్మాయికి

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి, పెద్దమ్మ దీవించి రాయునది.

మూడు నెలల పరిచర్యకు సంఘం తరఫున విదేశం వెళ్తున్నావని, అక్కడ ఎలా మసలుకోవాలో చెప్పమని రాశావు. పెట్టెలో సర్దుకోవలసిన వాటి జాబితా మీ బృంద నాయకుడు ఎలాగూ ఇస్తాడు. మూడు పర్యాయాలు అలాంటి సేవకు వెళ్లి వచ్చినదాన్ని గనుక, ఆ జాబితాలో ఉండని సంగతి ఒకటి చెబుతాను. అక్కడ నీవు సేవ చేయడానికి ముందే, నీకు తెలియకుండా వాళ్లచేత సేవ చేయించుకోవడం మొదలుపెడతావు. మొదటి పర్యాయం మూడో వారం దాకా నాకిది తెలియలేదు.

నాకు బస ఇచ్చిన ఇంట్లో ప్రతి ఉదయం స్నానాల గది గుమ్మం దగ్గర నిండు బకెట్ నీళ్లు ఉండేవి. నేను ఆ బకెట్ అంతా వాడేసి, తలంటుకున్న రోజున మరొకటి అడిగేదాన్ని. ఒకనాడు తెల్లవారకముందే మెలకువ వచ్చి బయటికి చూస్తే, ఆ ఇంటి పన్నెండేళ్ల పిల్ల పాతగుడ్డతో చేసిన చుట్టకుదురు మీద పసుపుపచ్చ డబ్బా పెట్టుకుని, మెడ కదలకుండా కళ్లు మాత్రం దించి మెట్టు చూసుకుంటూ లోపలికి వస్తోంది. చేతిపంపు ఊరికి అవతల ఉంది. రోజూ రెండు సార్లు వెళ్లే పిల్ల నా మూలంగా మూడోసారి వెళ్లి, బడికి ఆలస్యంగా చేరుతోంది. నేనేమో అదే బడిలో, వేళకు రావడం ఎంత ముఖ్యమో పిల్లలకు చెబుతున్నాను! ఆ రోజు నుంచి సగం బకెట్‌తో సరిపెట్టుకుని, పంపు దగ్గరికి నేనూ వెళ్లడం మొదలుపెట్టాను. మొదటిసారి సగం నీళ్లు భుజాల మీద ఒలకబోసుకున్నప్పుడు అక్కడి ఆడవాళ్లు పగలబడి నవ్వారు. అంతవరకు నన్ను చూసి పక్కకు తప్పుకునేవాళ్లు మరునాడు పేరు పెట్టి పిలిచారు.

అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో, ఓడ బద్దలై మెలితే ద్వీపానికి చేరినవాళ్లకు అక్కడి జనం వానలో, చలిలో నిప్పు రాజేసి ఆశ్రయమిస్తే, పౌలు తానే మోపెడు పుల్లలు ఏరి ఆ నిప్పుల మీద వేశాడని ఉంది. మనం ప్రసంగాల్లో ఎప్పుడూ ఆ పుల్లల్లోంచి వచ్చి పౌలు చేతిని పట్టిన పాము గురించే చెబుతాం గానీ, నాకు ఆ పుల్లలంటేనే ఇష్టం. ఆ ద్వీపంలో ముఖ్యుడైన పొప్లి తండ్రి పౌలు ప్రార్థనతో స్వస్థత పొందినది ఆ తరువాతనే కదా.

వాక్యం చెప్పమని పిలిస్తే, అనువదించే సహోదరునితో ముందురోజే కూర్చుని నీవు చెప్పబోయేది వివరించు. చిన్న చిన్న వాక్యాలలో చెప్పి ఆగు. నేను క్రియ చివరికి తోసే మన పెద్ద వాక్యాలు మాట్లాడుతూ పోతుంటే, పాపం ఆయన బైబిలు పుటల మధ్య వేలు పెట్టుకుని నా క్రియ కోసం ఎదురుచూసేవాడు. ఇరవై నిమిషాల ప్రసంగం అనువాదంతో నలభై అవుతుందని కూడా లెక్కవేసుకో.

పిల్లల విషయంలో మాత్రం కొంచెం గట్టిగానే చెబుతాను. అనాథాశ్రమాలలోని పిల్లలు మనం వెళ్లిన రోజే మెడ చుట్టూ చేతులు వేస్తారు. అది మన ప్రేమకు గుర్తని మురిసిపోతాం గాని, వచ్చినవాళ్లందరూ వెళ్లిపోవడం చూసిన పిల్లలకు అది అలవాటై ఉంటుంది. అలాంటి సందర్శకుల కోసం, వాళ్లిచ్చే కానుకల కోసం తల్లిదండ్రులున్న పిల్లలను కూడా ఆశ్రమాల్లో చేర్చుతున్న చోట్లు ఉన్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కుల తీర్మానంలో ఈ సంగతిని ప్రస్తావించింది. కాబట్టి నీవు పిల్లలను పెంచే పని నెత్తిన వేసుకోక, అక్కడ ఏళ్ల తరబడి ఉండే ఆయమ్మలకు, ఉపాధ్యాయులకు చేతిసాయంగా ఉండు. పెద్దల అనుమతి లేకుండా ఏ పిల్ల ఫొటో తీయవద్దు. సంఘానికి ప్రార్థన లేఖ రాసేటప్పుడు, నీకు అన్నం పెట్టిన ఇల్లాలికి దానిని ఎవరైనా చదివి వినిపిస్తే ఆమె ముఖం చిన్నబోతుందేమో చూసుకుని రాయి. డబ్బు ఇవ్వాలనిపిస్తే ఎవరి చేతిలోనూ పెట్టక, స్థానిక సంఘ పెద్దలతో మాట్లాడి వారి ద్వారా ఇవ్వు.

జీతం లేని సేవే కదా అని పర్యాటక వీసా మీద వెళ్లవద్దు. చాలా దేశాల్లో స్వచ్ఛంద సేవకు కూడా వేరే అనుమతి కావాలి. పసుపు జ్వరం టీకా అడిగే దేశమైతే, వేయించుకున్న పది రోజుల తరువాతగాని ఆ ధ్రువపత్రం చెల్లదు. మలేరియా మాత్రలు అక్కడ ఉన్నన్నాళ్లు వేసుకుని, ఇంటికి రాగానే మానేసేవాళ్లను చాలామందిని చూశాను. ఆ మాత్రల్లో డాక్సీసైక్లిన్ అనే రకమైతే తిరిగి వచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. ఆ తరువాత నెలలు గడిచి జ్వరం వచ్చినా, ఎక్కడికి వెళ్లి వచ్చావో వైద్యునికి మొదటి మాటగా చెప్పు.

టీకా ఏ తేదీన వేయించుకుంటున్నావో జవాబులో రాయి. ప్రయాణానికి ముందు ఒక రోజు ఇక్కడికి వస్తే, ఆ చుట్టకుదురు ఎలా చుట్టాలో చూపిస్తాను. పాత నూలు దుప్పటి ముక్క తెచ్చుకో.

పెద్దమ్మ