లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం: టికెట్ లేని చోట డబ్బు ఎక్కడ పోతుంది

పశ్చిమ లండన్‌లోని హౌన్‌స్లోకి కొత్తగా వచ్చిన ఒక తల్లి అడిగిన సందేహం ఇది: "ఎనిమిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. ఇండియా నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చి ఉన్నారు. అందరం కలిసి నేచురల్ హిస్టరీ మ్యూజియం చూడాలనుకుంటున్నాం. ప్రవేశం ఉచితమంటారు, వెళ్లొచ్చినవాళ్లేమో బోలెడు ఖర్చయిందంటారు. ఏది నమ్మాలి?"

రెండూ నమ్మాలమ్మా. సౌత్ కెన్సింగ్టన్‌లోని ఆ భవనంలోకి అడుగుపెట్టడానికి పైసా అక్కర్లేదు. డబ్బు పోయేది తొందరలో కొన్న అనవసరపు టికెట్ దగ్గర, రైలు గేటు దగ్గర, ఆకలి వేళ, బొమ్మల కొట్లో. ఇక్కడ ఏళ్ల తరబడి సంసారం ఈదినవాళ్లకి ఈ లెక్కలు నోటికి వచ్చు. కొత్తవాళ్లు మాత్రం ప్రతి పౌండునీ నూరుతో గుణించుకుని బాధపడతారే తప్ప, ఆ పౌండు ఎక్కడ జారిందో చూసుకోరు.

ముందు టికెట్ సంగతి. శని, ఆదివారాల్లో, బడి సెలవుల్లో వెళ్లేవాళ్లు మ్యూజియం సొంత వెబ్‌సైట్లో ఉచిత టికెట్ సమయంతో సహా బుక్ చేసుకుంటే మంచిది. గూగుల్‌లో పేరు కొట్టగానే పైన కనిపించే ప్రకటనల్లో మధ్యవర్తులు ఉంటారు, ఆ ఉచిత ప్రవేశాన్నే గైడ్ అనో, క్యూ లేదనో డబ్బుకి అమ్ముతారు. మనవాళ్లు అక్కడే మొదట జారతారు. సొంత వెబ్‌సైట్లో కూడా విరాళం అడుగుతారు. అది మీ ఇష్టం, ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. ప్రత్యేక ప్రదర్శనలకి మాత్రం టికెట్ ఉంటుంది. నాలుగేళ్ల పిల్లతో మొదటిసారి వెళ్తూ అవి కొనకండి, ఉచితంగా ఉన్నదే ఒక రోజులో పూర్తికాదు. వేళలు ఉదయం 10 నుంచి సాయంత్రం 5:50 దాకా. మిగతా నిబంధనలు బయల్దేరే ముందు వాళ్ల సైట్లో చూసుకోండి.

ఇక రైలు. అసలు నష్టం ఇక్కడే. హౌన్‌స్లో నుంచి ట్యూబ్‌లో, అంటే లండన్ భూగర్భ రైల్లో, పికడిల్లీ లైన్ ఎక్కితే మారాల్సిన పని లేకుండా సౌత్ కెన్సింగ్టన్‌లో దిగొచ్చు. ఈస్ట్ హామ్ వైపు ఉండే మనవాళ్లకి డిస్ట్రిక్ట్ లైన్ ఉంది, అదీ నేరుగానే. కొన్ని వారాంతాల్లో మరమ్మతులకి లైన్లు ఆపేస్తారు, ముందురోజు రాత్రి చూసుకోండి. 11 ఏళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లతో ఉంటే ట్యూబ్‌లో ఉచితం, టికెట్ కొన్న ఒక్కో పెద్దమనిషితో నలుగురి దాకా. వాళ్లకోసం గేటుకి ఏ కార్డూ తాకించకండి, తాకిస్తే ఛార్జీ పడుతుంది, వెడల్పు గేటు దగ్గర ఉద్యోగికి చెప్పి మీతోపాటు దాటించండి. 11 నిండినవాళ్లుంటే జిప్ ఆయిస్టర్ కార్డుకి (ఆయిస్టర్ అంటే లండన్ ప్రయాణ కార్డు, జిప్ పిల్లల రాయితీది) కొన్ని వారాల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

పెద్దవాళ్లకి ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు ఉండాలి. ఒకే కార్డును గేటు దగ్గర వెనక్కి అందిస్తూ నలుగురూ దాటలేరు. మీవారి బ్యాంకు కార్డు ఒకటి, అదే కార్డు ఆయన ఫోన్లో ఉంటే ఆ ఫోన్ ఇంకొకటి. ఖాతా ఒక్కటే అయినా ఫోన్లోని కార్డుకి లోపల వేరే నంబరు ఉంటుంది కాబట్టి గేటు వాటిని రెండు కార్డులుగా లెక్కేస్తుంది. మీవి రెండు, ఆయనవి రెండు, మొత్తం నాలుగు. అత్తమామల కోసం ఆయిస్టర్ కార్డు కొని, వాపసు రాని రుసుము కట్టే పని తప్పుతుంది. వాళ్ల ఇండియా కార్డులు వాడితే బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుము వేసే అవకాశం ఉంది.

అయితే ఈ నాలుగు కార్డుల ఉపాయంలోనే ఉచ్చు కూడా ఉంది. పొద్దున అత్తయ్యగారు మీ ఫోన్ తాకించి ఎక్కి, దిగేటప్పుడు మీ ప్లాస్టిక్ కార్డు తాకించారనుకోండి. ఫోన్ మీద దిగని ప్రయాణం ఒకటి, కార్డు మీద ఎక్కని ప్రయాణం ఒకటి అవుతాయి. రెండింటికీ గరిష్ఠ ఛార్జీ పడుతుంది, రోజుకి ఇంతకు మించి తీసుకోరనే పరిమితి కూడా దెబ్బతింటుంది. ఇంటి దగ్గరే ఎవరి చేతికి ఏదో ఇచ్చేసి, రాత్రి తిరిగొచ్చేదాకా మార్చకండి. ఫోన్లో ఛార్జింగ్ కూడా చూసుకోండి, మధ్యలో అది ఆరిపోతే గేటు తెరుచుకోదు. 60 దాటినవాళ్లకి ఉచిత ప్రయాణం ఉందని ఎవరో చెబుతారు. అది లండన్ నివాసులకి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి కాదు.

సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్లో మెట్లు తప్పవు. తోపుడు బండి తీసుకెళ్తే ఒక చేత్తో మడిచేంత తేలికది తీసుకెళ్లండి. స్టేషన్ నుంచి మ్యూజియం దాకా సొరంగ మార్గం ఉంది, వాన పడినా తడవరు. కారులో వెళ్లాలనుకోకండి. మ్యూజియంకి సొంత పార్కింగ్ లేదు, చుట్టుపక్కల పెడితే గంటల లెక్కన వదులుతుంది.

తిండి ఇంటినుంచే. లోపల కేఫ్‌లో ఆరుగురికి తలో శాండ్‌విచ్, టీ, పిల్లలకి ఒక కేక్ అంటే ఇంట్లో వారం కూరలంత అవుతుంది. బయటి తిండి తెచ్చుకోవచ్చు, కూర్చుని తినడానికి బేస్‌మెంట్‌లో చోటు ఉంది. అరచేత్తో డబ్బా దాచుకుంటూ మూల వెతుక్కోనక్కర్లేదమ్మా, అక్కడ అందరూ డబ్బాలు విప్పేవాళ్లే. పులిహోరకి 2 కప్పుల బియ్యం చాలు. అన్నం పళ్లెంలో పరిచి, రెండు చెంచాల నూనె చల్లి పూర్తిగా ఆరాకే పులుసు కలపాలి. వేడిగా డబ్బాలో పెడితే ఆవిరి మూతకి పట్టి, నీరు కిందికి కారి, మధ్యాహ్నానికి ముద్దవుతుంది. పెరుగన్నానికి పాలెక్కువ, తోడు కొంచెం వేసే మన పద్ధతి ఇక్కడి చలికాలంలో కుదరదు. సంచిలో చల్లదనానికి తోడుకోక, పాలన్నంగానే మిగులుతుంది. సగం పాలు, సగం పెరుగు కలపండి. వేయించిన పల్లీలు, రెండు అరటిపళ్లు, చెంచాలు, తడి తుండుగుడ్డ, చెత్తకి ఖాళీ సంచి మర్చిపోకండి. నీళ్ల సీసాలు అక్కడే నింపుకోవచ్చు, కుళాయి నీళ్లు తాగడానికి మంచివే. కోట్లు, సంచులు దాచే చోట ఒక్కోదానికి రుసుము ఉంటుంది, అందుకని మోయగలిగినంతే తీసుకెళ్లండి.

పదింటికి తలుపు తీసేసరికి అక్కడ ఉండండి. క్రామ్‌వెల్ రోడ్ వైపు పెద్ద గుమ్మం దగ్గర క్యూ పొడుగ్గా ఉంటే ఎగ్జిబిషన్ రోడ్ వైపు గుమ్మం కూడా చూడండి. లోపలికి వెళ్లగానే డైనోసార్ల గదికే. పదకొండు దాటితే అక్కడ పిల్లల భుజాల మీదుగా తప్ప ఏమీ కనిపించదు. చివర్లో టీ రెక్స్ బొమ్మ తల తిప్పి గర్జిస్తుంది. నాలుగేళ్ల పిల్లలు ఏడ్చి వెనక్కి తిరుగుతారు, వెనక జనం, గది ఒకే దారి. లోపలికి పోకముందే "అది మర బొమ్మ, మన మిక్సీలాగా మోటారు తిరుగుతుంది" అని చెప్పి ఉంచండి. భయం సగం తగ్గుతుంది.

తర్వాత పెద్ద హాలు. పైన వేలాడుతున్నది నిజమైన నీలి తిమింగలం అస్థిపంజరం, 25.2 మీటర్లు. 1891లో ఐర్లండ్ తీరంలో ఇసుక మీదికి కొట్టుకొచ్చింది. 2017 నుంచి ఇక్కడ నోరు తెరిచి మునుగుతున్న భంగిమలో ఉంది. చాలామంది కింద నిలబడి ఫోటో తీసుకుని పోతారు. మీరు మేడ మెట్లెక్కి, దాని రెక్కని పక్కనుంచి చూపించండి. లోపల భుజం ఎముక, ముంజేయి, వేళ్ల ఎముకలు వరసగా కనిపిస్తాయి, మన చేతిలో ఉన్నట్టే. బాబుని తన చెయ్యి పైకెత్తి పోల్చుకోమనండి. భవనం గోడల మీద టెర్రకోట (కాల్చిన మట్టి) జంతువులూ ఉన్నాయి. పడమటి వైపు బతికున్నవి, తూర్పు వైపు అంతరించినవి, కట్టినప్పుడే అలా అనుకుని చెక్కించారు. 1881 నాటి ఆ పనితనం చూసి మావయ్యగారు కదలరు.

పాత ఫోటోల్లో ఈ హాల్లో కనిపించే డిప్లోడోకస్ అనే పొడుగు మెడ డైనోసార్ ఇప్పుడు అక్కడ లేదు. దాని కంచు రూపాన్ని 2024లో బయటి తోటలో నిలబెట్టారు, దానికీ డబ్బు లేదు. ఆ పొడుగు మెడ దగ్గర పిల్లలకి కోటసారస్ గురించి చెప్పండి. తెలంగాణలో గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర దొరికిన పొడుగు మెడ డైనోసార్ అది, హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు దాన్నీ చూపిస్తే, ఈ రోజు చూసింది పిల్లల బుర్రలో నిలుస్తుంది.

భోజనం తర్వాత ఎర్ర జోన్, మ్యూజియంలో భాగాలకి రంగుల పేర్లు పెట్టారు. లోహపు భూగోళంలోంచి పైకెళ్లే ఎస్కలేటర్, దాని పైన జపాన్ కోబే భూకంపంలో కిరాణా కొట్టు ఎలా ఊగిందో నేల అదిరిస్తూ చూపే నమూనా. ఆ అదురు అత్తయ్యగారి మోకాళ్లకి ఇబ్బంది అనిపిస్తే గడప బయటే కూర్చోబెట్టండి. ఎక్కువ నడవలేనివాళ్లకి వీల్‌చైర్ దొరుకుతుంది, బయల్దేరే ముందు అడిగి పెట్టుకోండి. రెండున్నర, మూడింటికి బయటపడండి. అంతకుమించి లాగితే పిల్లలు అలిసి మొండికేస్తారు. ఆ మొండితనాన్ని కొట్లో బొమ్మతో చల్లార్చడమే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

ఆ కొట్టు దాటక తప్పదు. అందుకే పొద్దున ఇంట్లోనే చిల్లర లెక్కపెట్టి, ఒక్కొక్కరి చేతిలో మూడేసి పౌండ్లు పెట్టండి. తన చేతి డబ్బయితే పిల్లలు ధర చదువుతారు. పోస్ట్‌కార్డో, పెన్సిలో వస్తుంది. ఇంకా ఓపిక ఉంటే ఎగ్జిబిషన్ రోడ్ వెంబడి తిన్నగా ఉత్తరానికి నడిస్తే హైడ్ పార్క్, మిగిలిన పల్లీలు అక్కడ తినొచ్చు. తిరుగు రైలుకి పొద్దున ఎవరు ఏది తాకించారో, హౌన్‌స్లోలో దిగేటప్పుడూ అదే తియ్యమనండి.