పాత బోటు ఇంజిన్‌లో ఆయిల్ లీకు: వెనుక సీలు విప్పే ముందు

మీ పాత డీజిల్ ఇంజిన్ కింద బోటు అడుగున నూనె చేరుతోందని, వాల్వ్ కవర్ (ఇంజిన్ పై మూత) కింది గ్యాస్కెట్ మార్చినా లీకు ఆగలేదని, ఇక క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనుక చివర నూనెను ఆపే సీలు కోసం ఇంజిన్‌ను బయటికి తీయాలేమోనని రాశారు. దయచేసి అంత పెద్ద పనికి ఇప్పుడే పూనుకోకండి.

పైన ఎక్కడో కారిన నూనె ఇంజిన్ వాలు వెంబడి వెనక్కి జారి, ఇంజిన్ వెనుక ఉండే ఫ్లైవీల్ హౌసింగ్ (బరువైన చక్రాన్ని కప్పే పెట్టె) కింద చుక్కలు కడుతుంది కాబట్టి, తప్పు లేకపోయినా వెనుక సీలునే చాలామంది అనుమానిస్తారు. ఇంజిన్‌ను డీగ్రీజర్‌తో శుభ్రం చేసి, ఆరిన తరువాత అతుకుల మీద టాల్కమ్ పౌడర్ పలుచగా చల్లి, వేడెక్కేదాకా నడిపి, ఆపాక టార్చి వెలుతురులో పరిశీలించండి; తడిసిన చారలో అన్నిటికంటే ఎత్తైన చోటే సాధారణంగా లీకు మొదలవుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్‌ను, ఫిల్టర్ రబ్బరు రింగును, ఆయిల్ కూలర్ గొట్టాలను తప్పక చూడండి. కారే నూనె ఎర్రగా ఉంటే అది గేర్‌బాక్స్‌ది కావచ్చు.

నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడవలసింది క్రాంక్‌కేస్ బ్రీదర్, అంటే ఇంజిన్ లోపలి వాయువులు బయటికి పోయే దారి. అది మూసుకుపోతే, పిస్టన్ రింగులను దాటి వచ్చే వాయువులకు దారి లేక లోపలి ఒత్తిడి పెరిగి, బాగున్న సీళ్ల గుండా కూడా నూనెను బయటికి నెడుతుంది. అప్పుడు ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా ఫలితం ఉండదు. వాల్వ్ కవర్ బోల్టులను అతిగా బిగించినా రేకు అంచు వంగి లీకవుతుంది కనుక, కవర్ విప్పి సమతలంగా ఉన్న అద్దం మీద పెట్టి చూడండి.

అడుగున చేరిన నూనెను పంపుతో నీటిలోకి వదలకుండా, నూనెను పీల్చే ప్యాడ్‌లతో తీయండి.