మన దేశం ఉద్గారాలు తగ్గిస్తోందా? మా ఇంటి మీటరు చెప్పిన జవాబు

"కరెంటు సామర్థ్యంలో సగం బొగ్గుతో పనిలేనిదే అంటున్నారు కదా, మరి మన దేశం వదిలే గ్రీన్‌హౌస్ వాయువులు తగ్గినట్టేనా?" అని అడిగారు. తగ్గలేదండీ. తగ్గింది వేరే.

2005తో పోలిస్తే 2020 నాటికి, జీడీపీలో ఒక్కో రూపాయికి మనం వదిలే వాయువులు 36 శాతం తగ్గాయని కేంద్రం 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితికి లెక్క చెప్పింది. 2030కల్లా 45 శాతం తగ్గిస్తామని మాటిచ్చాం. బండి భాషలో చెప్పాలంటే మైలేజీ పెరిగింది. తిరిగే కిలోమీటర్లు అంతకన్నా పెరిగాయి కాబట్టి పెట్రోలు ఖర్చు మాత్రం తగ్గలేదు. 2020లో మొత్తం ఉద్గారాలు కూడా అంతకుముందు ఏడాది కన్నా దాదాపు 8 శాతం పడిపోయాయి గానీ, అది లాక్‌డౌన్ పుణ్యం.

ఇక ఆ 'సగం' సంగతి. సామర్థ్యం అంటే ప్లాంట్లన్నీ పూర్తిగా నడిస్తే ఇవ్వగలిగే కరెంటు, నిజంగా పుట్టేది కాదు. 2030కి చేరాల్సింది 2025 మధ్యలోనే చేరాం. అబద్ధమేమీ కాదు. కాకపోతే దాని అసలు అర్థం నాకు మా డాబా మీద సోలార్ పెట్టించాకే తెలిసింది.

మాది గోదావరిఖని. నాన్న బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యారు. సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు పెట్టించాను, 78,000 రూపాయల సబ్సిడీ వచ్చింది. (బయటికి పంపిన కరెంటు, లోపలికి తీసుకున్న కరెంటు రెండూ లెక్కపెట్టే నెట్ మీటరు కోసం తిరిగిన తిరుగుడు ఇంకో జవాబుకి సరిపోతుంది.) 3 కిలోవాట్లు ఇరవైనాలుగు గంటలూ నడిస్తే 72 యూనిట్లు రావాలి. మంచి ఎండ కాసిన రోజున వచ్చేవి 12, 13. ముసురు పట్టిందా, నాలుగు కూడా గగనమే. మధ్యాహ్నం మేం బయటికి పంపే యూనిట్ల అంకె పెరుగుతూ ఉంటుంది. పొద్దు గూకాక అది ఆగిపోయి, లోపలికి తీసుకునే అంకె మొదలవుతుంది. నాన్న మీటరు దగ్గర కుర్చీ వేసుకుని మరీ చూసి, "ఇగ మా బొగ్గు డ్యూటీ ఎక్కింది బిడ్డా" అంటారు.

దేశం కథా ఇదే. సామర్థ్యంలో బొగ్గు వాటా ఎంత తగ్గినా, 2024లో పుట్టిన కరెంటులో 70 శాతానికి పైగా దానిదే. మా పక్కనే చూడండి. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సోలార్ 2022లో మొదలైంది. చూస్తే ముచ్చటేస్తుంది. ఆ తర్వాత రెండేళ్లలో అక్కడే 800 మెగావాట్ల బొగ్గు యూనిట్లు కొత్తగా రెండు వచ్చాయి.

దీన్ని మోసం అనను. మనిషికి ఏడాదికి మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు రెండు టన్నులు, ప్రపంచ సగటులో సగం కూడా లేదు. ఇప్పుడిప్పుడే ఫ్రిజ్జు కొంటున్న ఇంటికి వద్దని ఎవరు చెప్తారు? మా సంగతే తీసుకోండి. గ్రిడ్ కరెంటు యూనిట్‌కి 0.7 కిలోల లెక్కన మా ప్యానెళ్లు ఏడాదికి రెండున్నర టన్నుల పైనే ఆపుతున్నాయి. బిల్లు తగ్గింది కదా అని రెండో ఏసీ కొన్నాం. అది నడిచేది రాత్రిళ్లే!

అందుకే ఇప్పుడు కొత్త సోలార్ పార్కుల కంటే కరెంటు నిల్వ గురించిన వార్తలే ఎక్కువ చదువుతున్నాను. నంద్యాల జిల్లా పిన్నాపురం ప్రాజెక్టులాంటివి: పగలు సోలార్‌తో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీయడం. మా ఇంటికి బ్యాటరీ ఎంతవుతుందో కూడా ఫోన్ చేసి అడిగాను. రేటు విని, మళ్లీ చేస్తానని పెట్టేశాను.