రొట్టె పేరు, రచన పేరు

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ రచనల పట్టిక చూశాను. రచనలు 26, వాటికి నువ్వు పెట్టిన వర్గాలు 19! ఒక్కో ఇడ్లీకి ఒక్కో గిన్నె తీసినట్టుంది.

వర్గం బీరువాలో అర లాంటిది. రచన ఏదో ఒక అరలోనే ఉండాలి. ట్యాగు పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది. ఒకే రచన నాలుగు మాటల కింద దొరికినా తప్పులేదు. నువ్వు రెండింటినీ కలిపేశావు.

నీ రొట్టెల పండుగ వ్యాసాన్నే తీసుకో. పండుగలు, యాత్రలు, వంటలు, నెల్లూరు... నాలుగింటిలోనూ పెట్టావు. చదివితే అందులో వంట ఎక్కడా లేదు. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, ఉద్యోగం రావాలన్న కోరికతో ఉద్యోగ రొట్టె అందుకోవడానికి చూస్తున్న కుర్రాడున్నాడు, కోరిక తీరి సంతాన రొట్టె ఇవ్వడానికి వచ్చిన తల్లి ఉంది. దాన్ని 'పండుగలు'లో ఉంచు. బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, మొహర్రం అన్నవి ట్యాగులు. అసలు ఆ చెరువులో జరిగేదీ ఇదే కదా! చూడటానికి అన్నీ రొట్టెలే. వివాహ రొట్టె, ఆరోగ్య రొట్టె అని పేరు పెట్టి పిలుస్తారు కాబట్టే కావలసినవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఎవరూ 'మంచి రొట్టె' అని పిలవరు. నువ్వేమో 'మంచి విషయాలు', 'నా ఆలోచనలు' అని ట్యాగులు పెట్టావు. వాటిని పట్టుకుని ఎవరు వస్తారు?

జిల్లాల పేరుతో వర్గాలు మాత్రం చేయకు. నేను చేసి చాలా అవస్థ పడ్డాను. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 2022లో జిల్లాలను మళ్లీ విభజించినప్పుడు కందుకూరు తిరిగి నెల్లూరులో కలిసింది. అదే విడతలో వెంకటగిరి తిరుపతి జిల్లాకు, చీరాల బాపట్లకు పోయాయి. నేను బుద్ధిగా ఫైళ్లన్నీ మార్చుకుంటూ కూర్చుని, వెంకటగిరి నేతపనివారి మీద రాసుకున్న కాగితాలు ఎక్కడ పెట్టానో మరిచిపోయాను. ఊరు ఉన్నచోటే ఉంది. అందుకే ఊరి పేరు ట్యాగుగా పెట్టుకుని, 'చేనేత' అని వర్గం చేసుకో.

ఇంకొకటి, తెలుగులో రాసేవాళ్లందరికీ ఉన్న తంటా. 'చేపల పులుసు', 'చేపలపులుసు' మనకు ఒకటే. కంప్యూటర్‌కు మధ్యలో ఖాళీ ఉంటే వేరు, లేకపోతే వేరు. నీ పట్టికలో రెండూ ఉన్నాయి, పైగా 'చేపల కూర' కూడా. వాడే ట్యాగులన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించు. కొత్తది పెట్టేముందు ఒకసారి తలెత్తి చూడు.

వర్గాలు ప్రస్తుతానికి అయిదు చాలు. ఆరోది కావాలనిపిస్తే, అందులో చేరే రచనలు మూడైనా అయ్యేదాకా ఆగు. 'ఇతరాలు' అని ఒకటి ఉంచుకోవచ్చు, నాకూ ఉంది. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు దాన్నీ దులుపుతాను.

సర్దడం అయ్యాక పట్టిక మళ్లీ పంపు. చేపల పులుసు వ్యాసంలో మర్నాటి పులుసులో మామిడికాయ ముక్క గురించి రాసిన వాక్యం ఉంది చూశావూ, సర్దుబాటు పేరుతో దాన్ని కదిపావంటే ఊరుకోను.