మెషిన్ భాగం డ్రాయింగ్‌లో టాలరెన్స్ ఎంత బిగిస్తే భాగం అంత నాణ్యంగా వస్తుందా?

రాదు, అవసరం లేనిచోట టాలరెన్స్ బిగిస్తే పెరిగేది ఖర్చే. కొలతలో అటూ ఇటూ ఎంత తేడా వచ్చినా భాగం తన పని చేయగలదో చెప్పే హద్దు టాలరెన్స్. ఆ హద్దు తగ్గేకొద్దీ లేత్ మీద అయిపోయే పని గ్రైండింగ్‌కు వెళ్తుంది, కొలవడానికి వెర్నియర్ చాలక ఇంకా సూక్ష్మంగా కొలిచే మైక్రోమీటర్ పట్టాలి, రిజెక్టయ్యే ముక్కలూ ఎక్కువవుతాయి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాఫ్ట్ చేయిస్తున్నారనుకోండి. 6205 నంబరు బేరింగ్ కూర్చునే 25 మి.మీ. వ్యాసానికి కె6 ఫిట్ (బేరింగ్ కాస్త బిగుతుగా కూర్చునేలా ఇచ్చే టాలరెన్స్ తరగతి) ఇస్తే సైజు 25.002 నుంచి 25.015 మి.మీ. మధ్య రావాలి. ఇక్కడ రాజీ పడకూడదు. తక్కువైతే లోపలి రింగు షాఫ్ట్ మీద జారుతుంది, మరీ ఎక్కువైతే బేరింగ్‌లోని ఖాళీ తగ్గి వేడెక్కుతుంది. అదే షాఫ్ట్‌లో దేనికీ ఆనని 100 మి.మీ. పొడవుకు మామూలుగా ±0.3 మి.మీ. చాలు. దానికీ మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) టాలరెన్స్ రాయడం లేత్ నడిపే టర్నర్‌కు అన్యాయం.

టాలరెన్స్ రాయకపోతే అచ్చంగా ఆ సైజే వస్తుందని చాలామంది అనుకుంటారు. ఏ మిషనూ అలా ఇవ్వలేదు. విడిగా రాయని కొలతలకు డ్రాయింగ్ వివరాలు రాసే గడిలో, అంటే టైటిల్ బ్లాక్‌లో ఇచ్చిన జనరల్ టాలరెన్స్ వర్తిస్తుంది.