కొత్త పేర్లు రావడం ఆగితే సర్వే పూర్తయినట్టేనా?

చిరంజీవి శైలజకి, పెదనాన్న ఆశీస్సులు.

కడప జిల్లా లంకమల అడవిలో చేసిన సర్వేవి నువ్వు పంపిన షీట్లు, పక్షులదీ మొక్కలదీ, రెండూ చూశాను. చివరి నడకల్లో కొత్త పక్షి ఒక్కటీ కనబడలేదు కాబట్టి సర్వే పూర్తయినట్టే అని రాశావు. పక్షిని గుర్తుపట్టడంలో నీ మీద నాకు ఏ అనుమానమూ లేదు. రిపోర్టులో "పూర్తి" అనే మాట పెట్టే ముందు మాత్రం కాస్త ఆగమ్మా.

నీ నడకలన్నీ నవంబర్, ఫిబ్రవరి మధ్యవే. అన్నీ పొద్దునపూటే, ఎక్కువగా జీపు దారి వెంబడే. కొత్త పేర్లు ఆగాయంటే అక్కడున్నవన్నీ కనబడిపోయి ఉండొచ్చు. లేదా ఆ కాలంలో, ఆ వేళకి, ఆ దారిలో కనబడేవి మాత్రమే అయిపోయి ఉండొచ్చు. నడకలు పెరిగేకొద్దీ మొత్తం పేర్లు ఎన్నయ్యాయో గ్రాఫు గీస్తే రెండూ చివరికి ఒకేలా చదునుగా వస్తాయి.

నువ్వు తిరుగుతున్న ఆ అడవే దీనికి పెద్ద సాక్ష్యం. కలివి కోడి అనే అరుదైన పక్షిని 1900లో అనంతపురం దగ్గర చూశారు. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా అది ఎవరికీ దొరకలేదు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ లాంటివాళ్లు వెతికినా ఫలితం లేకపోయింది. చాలామంది అది అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ బయటపడింది, అదీ స్థానిక వేటగాడి సాయంతో. అది రాత్రిపూట తిరిగే పక్షి. పగలు ముళ్లపొదల నీడలో కదలకుండా ఉంటుంది. పగటి నడకలు ఎన్ని పెంచినా దాని పేరు జాబితాలో చేరేది కాదు. తర్వాతి పరిశోధకులు పొదల మధ్య నేలను మెత్తని మట్టితో చదును చేసి అడుగుజాడలు చూశారు, కెమెరాలు పెట్టారు, చీకటి పడ్డాక కూత రికార్డింగు వినిపించి జవాబు కోసం కాచుకున్నారు. వెతికే పద్ధతి మారాకే సంగతులు తెలిశాయి.

ఇక లెక్క సంగతి. తైవాన్‌కు చెందిన గణాంక శాస్త్రవేత్త ఆన్ చావో, ఇంకా కనబడని జాతులు ఎన్నో అంచనా వేయడానికి ఇచ్చిన సూత్రం నీకు తెలిసే ఉంటుంది, అయినా చేత్తో ఒకసారి వేసి చూడు. ఒకే ఒక్క నడకలో కనబడ్డ జాతులు ఎన్ని, సరిగ్గా రెండు నడకల్లో కనబడ్డవి ఎన్ని అని లెక్కపెట్టు. ఉదాహరణకి మొత్తం 84 జాతులు, ఒక్కసారివి 24, రెండుసార్లవి 8 అనుకో. 24ని 24తో గుణిస్తే 576. దాన్ని 8కి రెట్టింపు అయిన 16తో భాగిస్తే 36. అంటే కనీసం ఇంకో 36 జాతులు మిగిలి ఉండొచ్చని అంచనా. 84కి 36 కలిపితే 120. 120లో 84 అంటే 70 శాతం. ఒక్కసారి కనబడ్డవి ఎక్కువగా ఉన్నంతకాలం నీ పని మిగిలే ఉందని అర్థం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒక్కసారి కనబడ్డ ప్రతి పేరునీ లెక్కకి ముందే ఫోటోతోనో, కూతతోనో మళ్లీ సరిచూసుకో. తప్పుగా గుర్తుపట్టినవి ఎక్కువగా ఆ వరసలోనే ఉంటాయి, అవి అంచనాని అమాంతం పెంచేస్తాయి. రెండోది ఇంకా ముఖ్యం. ఈ సూత్రానికి వానాకాలం తెలీదు, రాత్రి తెలీదు. చలికాలపు ఉదయాల డేటా ఇస్తే చలికాలపు ఉదయాల గురించే చెబుతుంది. 95 శాతం వచ్చినా అది ఆ వేళల 95 శాతమే, లంకమల మొత్తానిది కాదు.

మన సీమలో కాలాన్ని బట్టి వచ్చే ఈ తేడా మరీ ఎక్కువ. అనంతపురం వైపు ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది, అదీ ఏటా ఒకేలా కాదు. గడ్డి జాతులు, చిన్న చిన్న ఏకవార్షిక మొక్కలు వాన పడ్డ కొన్ని వారాల్లోనే మొలిచి, పూసి, ఎండిపోతాయి. కరువు ఏడాదిలో వాటి విత్తనాలు మట్టిలోనే ఉండిపోతాయి. నేలలో దాక్కునే కప్పలు మంచి వానకి పైకొచ్చి, నాలుగు రాత్రులు అరిచి, మళ్లీ మాయమవుతాయి. అందుకే మీ మొక్కల షీట్‌లో తొలకరి తర్వాత ఒక విడత, సెప్టెంబర్, అక్టోబర్ వానల తర్వాత ఇంకో విడత ఉండి తీరాలి. ఒక్క ఏడాది చూసి తేల్చేయకండి.

పాత రికార్డుల్ని వాడుకునేటప్పుడు ఊరి పేరు చూసి నమ్మేయొద్దు. మెరిసే నీలిరంగు సాలీడు ఒకటుంది కదా, దాన్ని 1899లో వర్ణించినప్పుడు నమూనా దొరికిన చోటు గుత్తి రైల్వే కలప యార్డు. మళ్లీ 2001లో అది దొరికింది నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో. కలపతో పాటే గుత్తికి చేరిందని అనుకుంటున్నారు. పాత చీటీ మీదున్న చోటు ఆ జీవి బతికే చోటే కానక్కర్లేదు.

మ్యాపుని గళ్లుగా విడగొట్టి ఏ గడికి ఆ గడి లెక్క వేయి. దారి పక్క గళ్లు నిండుగా కనిపిస్తాయి, వంకల అవతలి గుట్టలు బోసిపోయి ఉంటాయి. రెండు మూడు నడకలే ఉన్న గడికి శాతం వేయకు, "డేటా చాలదు" అని రాసెయ్. నీ షీట్‌లో నన్ను బాగా కలవరపెట్టింది ఖాళీ గడుల్ని సున్నాలతో నింపడం. వెతికితే దొరకలేదంటేనే సున్నా. వెళ్లనే లేదంటే ఖాళీగానే ఉండాలి. నీ జాబితాలో లేదు కాబట్టి అక్కడేమీ లేదని రేపు ఎవరైనా కాలువకో, క్వారీకో అనుమతి అడిగితే, ఆ తప్పుడు సున్నాలే వాళ్లకి ఆధారమవుతాయి. తెలుగు గంగ కాలువ పనులు కలివి కోడి ఉండే పొదల దాకా వచ్చిన సంగతి నీకు తెలిసిందే.

గొర్రెల కాపరులతో కూర్చుని మాట్లాడు. ఫోటోలు చూపించి పేరు నువ్వు అందించకుండా అడుగు, ఆ ప్రాంతంలో లేని పక్షి ఫోటోలు కూడా ఒకటి రెండు కలిపి ఉంచు. ఎవరి మాట ఎంతవరకు తీసుకోవచ్చో దాంతో తెలుస్తుంది.

రాత్రి సర్వేకి అటవీ శాఖ అనుమతి ఇప్పుడే అడుగు, ఆలస్యమైతే వానాకాలం దాటిపోతుంది. ఒంటరిగా వెళ్లొద్దు, గమ్‌బూట్లు తప్పనిసరి. కూత రికార్డింగుని మాటిమాటికీ వినిపించి పక్షిని ఇబ్బంది పెట్టొద్దు. ముందుగా సున్నాలు తీసేసిన షీటూ, ఒక్కసారే కనబడ్డవాటి ఫోటోలూ నాకు పంపు.

మీ పెదనాన్న